స్నిగ్ధతో చెప్పించిన మాట

కౌముది పదకొండేళ్ళుగా యూనివర్సిటీలో కాంట్రాక్టు లెక్చరర్. ప్రతి ఏడూ జూన్‌లో కొత్త ఆర్డరు కోసం ఎదురుచూడటం, రాకపోతే ఏమిటని భయపడటం, వచ్చాక ఊపిరి పీల్చుకోవడం ఆమెకు అలవాటైపోయాయి. అందుకే విశాఖపట్నంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరమని ఉత్తరం వచ్చినప్పుడు, దాన్ని రెండుసార్లు చదివి, తార్నాకలోని తండ్రి ఫ్లాట్‌లో వంటింటి తలుపు వేసుకుని కాసేపు ఏడ్చింది. సంతోషంతోనే.

చిక్కు పదేళ్ళ కూతురు స్నిగ్ధ దగ్గర వచ్చింది. కౌముది, భర్త ప్రేమ్ కుమార్ విడిపోయి అప్పటికి రెండేళ్ళు. స్నిగ్ధ తల్లి దగ్గర ఉండాలని, ఆదివారాలు తండ్రితో గడపాలని, కోర్టు అనుమతి లేకుండా ఇద్దరిలో ఎవరూ పిల్లని వేరే ఊరికి మార్చకూడదని ఫ్యామిలీ కోర్టులో రాసుకున్నారు. అప్పుడు ఆ షరతు ఆమెకు పెద్దదిగా అనిపించలేదు. తార్నాక దాటి తాను ఎక్కడికి పోతుంది?

ప్రేమ్ కుమార్‌ది జనగామ దగ్గర పల్లె. ఆమె పనిచేసే యూనివర్సిటీలోనే బాటనీ డిపార్ట్‌మెంట్‌లో, ఎండబెట్టిన మొక్కల్ని అట్టలకి అంటించి బీరువాల్లో భద్రపరిచే గది అతని చేతి కిందే ఉంటుంది. ఇద్దరూ క్యాంపస్‌లో చదువుకునే రోజుల్లోనే ఇష్టపడ్డారు. అతను చర్చికి వెళ్ళే కుటుంబం వాడని కౌముది తండ్రి సుబ్బరాయుడు ఒప్పుకోకపోతే ఆమె ఇల్లు వదిలి వచ్చి పెళ్ళి చేసుకుంది. విడిపోవడానికి పెద్ద కారణాలు లేవు. అతను పీహెచ్‌డీ మధ్యలో వదిలేశాడు, ఆమె దాన్ని దెప్పకుండా ఉండలేకపోయింది. మాటలు తగ్గాయి, తర్వాత మర్యాదలు తగ్గాయి. విడిపోయాక కౌముది కూతురితో తండ్రి దగ్గరికే తిరిగొచ్చింది. అతను తల్లి సోమమ్మతో బౌద్ధనగర్‌లో ఉంటున్నాడు.

ఆదివారం స్నిగ్ధను తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే కౌముది సంగతి చెప్పింది.

"మంచిదే," అన్నాడు ప్రేమ్ కుమార్. "నీకు ఎప్పుడో రావాల్సిన నౌకరి. కానీ బిడ్డను తీస్కపోతనంటే నేను ఒప్పుకోను."

"నెలకోసారి వచ్చి చూడొచ్చు కదా. సెలవులకి నేనే పంపిస్తాను."

"నెలకోసారొచ్చి చూసిపోతే తండ్రినైతనా, చుట్టాన్నైతనా?"

 కౌముదికి కోపం వచ్చింది. పదకొండేళ్ళు తాను పడిన అవస్థ ఇతనికి ఏం తెలుసు అనుకుంది. వారం తిరగకుండానే అనుమతి కోరుతూ కోర్టులో పిటిషన్ వేసింది. అతను అభ్యంతరం చెబుతూ కౌంటర్ వేశాడు.

ఆమె లాయరు విజయశ్రీ కాగితాలన్నీ చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మంచి ఉద్యోగం అనేది మీ కారణం అండీ. పాపకి తండ్రి దగ్గర చనువు, ఇక్కడి స్కూలు, నానమ్మ, ఇవి ఆయన కారణాలు. నిజం చెప్పాలంటే ఆయనవైపే బరువుంది." మళ్ళీ కాగితాలు చూస్తూ అడిగింది. "పాపకి తండ్రి దగ్గర ఏమైనా ఇబ్బంది ఉందా? భయం లాంటిది? ఉంటే జడ్జిగారు ఛాంబర్‌లోకి పిలిచి మాట్లాడతారు."

లేదు అనాల్సిన చోట కౌముది, "ఆలోచించి చెప్తాను," అంది.

ఆలోచించడానికి ఆమెకు దొరికింది ఒకే ఒక్క సంగతి. కిందటి డిసెంబరులో ప్రేమ్ కుమార్ కూతుర్ని మౌలాలి గుట్ట ఎక్కించడానికి తీసుకెళ్ళాడు. దిగేటప్పుడు స్నిగ్ధ మెట్ల మీద పరిగెత్తి జారిపడింది. గడ్డం చిట్లి మూడు కుట్లు పడ్డాయి. అతను ఆమెను ఎత్తుకుని కింద దాకా పరిగెత్తుకొచ్చి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళి, దారిలోనే కౌముదికి ఫోన్ చేశాడు. ఆమె వెళ్ళేసరికి అతని చొక్కా ముందంతా రక్తం. ఏడుస్తున్నది అతనే. స్నిగ్ధ కాదు.

లాయరుని కలిసిన సాయంత్రం నుంచి నాలుగు రోజుల పాటు, హోంవర్కు అయ్యాక, కౌముది కూతుర్ని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టింది.

"ఆ రోజు గుట్ట మీద నాన్న నిన్ను కోప్పడ్డాడు కదా?"

"ఉరకకు, మెల్లగ దిగు అన్నడు."

"గట్టిగా అన్నాడు కదా?"

"గట్టిగనే అన్నడు. నేను ఉరుకుతున్న కదా."

"చేయి పట్టుకుని లాగాడా?"

"పట్టుకున్నడు. నేనే విడిపించుకున్న."

"లాగినట్టే కదా మరి. లాగితేనే కదా నువ్వు పడ్డది?"

స్నిగ్ధ పెన్సిల్ నోట్లో పెట్టుకుని తల్లివైపు చూసింది. "అట్ల కాదమ్మా. అట్ల చెప్తే అబద్ధం అయితది."

"అబద్ధం కాదు. వేరేగా చెప్పడం," అంది కౌముది. "అలా చెప్తేనే మనిద్దరం కలిసి ఉంటాం. లేకపోతే నేనొక్కదాన్నే వెళ్ళిపోవాలి. అది నీకు ఇష్టమా?"

మూడో రోజుకి స్నిగ్ధ తడుముకోకుండా చెప్పసాగింది. నాన్న గట్టిగా అరిచాడు, చేయి మెలిపెట్టి లాగాడు, పడిపోయాను, అప్పటి నుంచి ఆదివారం అంటే భయం. నాలుగో రోజు కౌముది ఆమెకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టింది.

ఆమెకు ఇంకో సంగతి కూడా తెలుసు. దాన్ని తనతో తాను కూడా పైకి అనుకోలేదు. పల్లె నుంచి వచ్చిన, నల్లగా ఎత్తుగా ఉండే, పెద్ద గొంతుతో మాట్లాడే మనిషి పిల్ల మీద చేయి చేసుకున్నాడంటే జనం త్వరగా నమ్ముతారు. పెళ్ళి మాట ఎత్తిననాడు తండ్రి సరిగ్గా అలాంటి మాటే అంటే, ఆ మాటకే ఆమె ఇల్లు వదిలింది.

జడ్జి నడివయసు దాటిన ఆవిడ. స్నిగ్ధను ఒక్కదాన్నే లోపలికి పిలిచి ఇరవై నిమిషాలు మాట్లాడింది. వారం తర్వాత ఆర్డరు వచ్చింది. కౌముది కూతురితో విశాఖపట్నం వెళ్ళవచ్చు. తండ్రి నెలకి ఒకసారి, రెండు గంటలు, కౌన్సెలర్ ఎదుట మాత్రమే పిల్లని చూడవచ్చు.

ప్రేమ్ కుమార్ కోర్టు వరండాలో నిలబడి తన లాయరుని ఒక్కటే అడగడం కౌముదికి వినిపించింది. "నా బిడ్డ చెప్పిందా సార్? ఆమె నోటితోనే చెప్పిందా?" లాయరు తలూపాడు. ఇక అతను వాదించలేదు. పై కోర్టుకి వెళ్దామని లాయరు అంటుంటే వద్దన్నట్టు చేయి ఊపాడు. వెళ్ళేటప్పుడు స్నిగ్ధవైపు చూసి, ఎప్పటిలాగే నవ్వబోయాడు. స్నిగ్ధ స్తంభం వెనక్కి జరిగింది.

ఇంట్లో సుబ్బరాయుడు మిఠాయి తెప్పించాడు. "నేను ఆనాడే చెప్పాను. వాళ్ళ పద్ధతులు వేరు," అన్నాడు. కౌముది మిఠాయి తీసుకుని తినకుండా ప్లేటు అంచున పెట్టింది. అలా కాదు నాన్నా అనడానికి ఆమెకి ఇప్పుడు నోరు లేదు.

యూనివర్సిటీలో రాజీనామా ఇచ్చేసింది. పుస్తకాలు డబ్బాల్లో సర్దుతోంది. స్నిగ్ధ తీరు మారింది. క్యాంపస్‌లో బ్యాడ్మింటన్ కోచింగ్‌కి వెళ్ళనంది. బడి నుంచి వచ్చేటప్పుడు క్యాంపస్ రోడ్డు వదిలేసి చుట్టు తిప్పి తీసుకెళ్ళమంటోందని ఆటో అతను చెప్పాడు. తండ్రి ఫోన్ చేస్తే బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకునేది. కౌముది తనకి తాను నచ్చజెప్పుకుంది, ఊరు మారుతున్నాం కదా, బెంగ.

మే నెలాఖరులో ఒక మధ్యాహ్నం సోమమ్మ వచ్చింది. లిఫ్ట్ అంటే ఆమెకు భయం, నాలుగంతస్తులు ఎక్కి వచ్చింది. చేతిలో సంచీ. అందులో స్నిగ్ధ బట్టలు, బొమ్మలేసుకునే పుస్తకం, ఉతికి ఆరబెట్టిన బూట్లు.

"కూర్చోండి అత్తమ్మా."

"కూసోను బిడ్డా. ఒక్క మాట అడిగి పోత." కొంగుతో మెడ తుడుచుకుంది. "నా కొడుకు పోరి చెయ్యి మెలిపెట్టిండని కోర్టుల చెప్పినరట. వాణ్ని అడిగిన. మాట్లాడడు. అన్నం సుత సరిగ తినడు. నువ్వు చెప్పు. నిజమైతే నేను గట్లాంటోని ఇంట్ల ఉండ. మా చెల్లె దగ్గరికి పోత. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు అబద్ధమాడవని నాకెర్కే. అందుకే వాణ్ని ఇడిసిపెట్టి నీ దగ్గరికొచ్చిన."

కౌముది సంచీ వైపు చూస్తూ నిలబడింది. ఒక్క మాట చెబితే చాలు. 

"అది కోర్టులో ఉన్న విషయం అత్తమ్మా. నేనేమీ మాట్లాడకూడదు," అంది.

సోమమ్మ ఆమె మొహంలోకి చూసింది. "గట్లనా," అని, మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళిపోయింది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదని కౌముదికి ఆమె వెళ్ళాక గుర్తొచ్చింది.

వెనక్కి తిరిగితే గది గుమ్మంలో స్నిగ్ధ నిలబడి ఉంది.

"నానమ్మకి కూడా వేరేగా చెప్పాలా అమ్మా?"

కౌముది సంచీ తీసి గోడ పక్కన పెట్టింది.

"నాన్న కోర్టుల నన్ను చూసి నవ్విండు. నేను చెప్పింది ఆయనకి తెల్వదేమో అనుకున్న. తెలుసా?"

"తెలుసు."

స్నిగ్ధ మొహం ఒక్కసారిగా ఎర్రబడింది. "అయితే నేను నాన్నను ఇంక కలవను. వైజాగ్‌కి వచ్చినా కలవను. నాకు సిగ్గయితది," అని గదిలోకి పరిగెత్తి మంచం మీద బోర్లా పడుకుని దిండు తల మీద కప్పుకుంది.

కౌముది గుమ్మంలోనే కూర్చుంది. ఇన్నాళ్ళూ అది బెంగ అనుకుంది. కాదు, సిగ్గు. చేసింది తాను, మోస్తున్నది పదేళ్ళ పిల్ల. తన పక్కన కూర్చోబెట్టుకుని, పెన్సిల్ పట్టుకున్న ఆ పిల్లకు నాలుగు రోజుల పాటు తాను నేర్పిన పాఠం అది. ఎంత ఓపిగ్గా నేర్పింది! ఎక్కాలు నేర్పినప్పుడు కూడా అంత ఓపిక చూపలేదు.

మర్నాడు పొద్దున ఆమె బాటనీ డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళింది. వేసవి సెలవులు, వరండాల్లో ఎవరూ లేరు. ప్రేమ్ కుమార్ కిటికీ దగ్గర బల్ల మీద వంగి, ఒక అట్ట మీద చీటీ అంటిస్తున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ చూపించలేదు.

దారి పొడవునా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూ వచ్చింది. చివరికి ఏ ముందుమాటా లేకుండా చెప్పేసింది.

"స్నిగ్ధ అన్న మాటలు స్నిగ్ధవి కావు. నేనే నేర్పాను. నాలుగు రోజులు కూర్చోబెట్టి నేర్పాను. తను అబద్ధం అని చెప్పింది, అయినా నేర్పాను."

అతను జిగురు సీసాకి మూత పెట్టాడు. 

"నాకు తెల్సు అంటననుకున్నవా? తెల్వదు కౌముదీ. బిడ్డ చెప్పింది కదా అని నేనే నమ్మిన. రోజూ పొద్దుగాల లేస్తే అదే సోంచాయిస్తున్న. గట్టిగ పట్టుకున్ననా? నాకు తెల్వకుండ మెలిపెట్టిననా? కింద స్వీపర్ భాగ్య మనవరాలు ఉన్నది కదా, గా పిల్ల ఆకు పట్కొని సూపియ్యనీకి దగ్గరికొస్తే ఎనకకు జరిగిన. పిల్లలను ముట్టుకోవాల్నంటే భయమైతున్నది నాకు."

కౌముది ఏడ్చింది. అతను ఓదార్చలేదు. ఓదార్చాలని ఆమె కూడా ఆశించలేదు.

"నన్ను క్షమించమని అడగడానికి రాలేదు. ఏం చేయమంటావో అడగడానికి వచ్చాను."

"నాకు చెప్తే ఏమైతది? ముందుగాల బిడ్డకు చెప్పు, ఆమె తప్పు కాదని. తర్వాత మా అమ్మకు చెప్పు. తర్వాత జడ్జిగారికి," అన్నాడు. మళ్ళీ అట్ట మీదికి వంగాడు. 

అతను చెప్పిన వరసలోనే చెప్పింది. స్నిగ్ధ అంతా విని, "నాన్న దగ్గర చెప్పినవా?" అని మాత్రం అడిగి, చెప్పానంటే తల్లి ఒళ్ళో పడి వెక్కివెక్కి ఏడ్చింది. సోమమ్మ బౌద్ధనగర్‌లో గుమ్మం బయటే నిలబెట్టి విన్నది. "నీ మాట నమ్మి కన్నకొడుకును అనుమానించిన," అని తలుపు వేసుకుంది. సుబ్బరాయుడు పేపరు మడిచి, "ఎవరడిగారు నిన్ను ఇప్పుడు చెప్పమని?" అన్నాడు. "ఎవరూ అడగలేదు నాన్నా," అంది ఆమె. "మీరు ఆ మనిషిని గురించి అన్న మాటలు అబద్ధమని తెలిసి కూడా, అవే నాకు పనికొస్తాయని వాడుకున్నాను." ఆయన ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు.

లాయరు విజయశ్రీ మాత్రం హెచ్చరించింది. "ఈ అఫిడవిట్ వేస్తే పాప మీ దగ్గర ఉంటుందని నేను చెప్పలేను. మీ మీద కేసు కూడా పెట్టొచ్చు. మీరు ఊరుకుంటే ఎవరికీ తెలియదు."

"తెలియాల్సిన వాళ్ళకి తెలిసిపోయిందండీ," అంది కౌముది.

కోర్టు హాల్లో జడ్జి ఆ కాగితం చదివి పక్కన పెట్టింది. "ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుని మీ మాటలు అప్పజెప్పింది. నేను నమ్మాను," అంది. "ఏమని నేర్పారో మీ నోటితో చెప్పండి."

గుమాస్తాలు, వేరే కేసుల వాళ్ళు, ప్రేమ్ కుమార్, అతని లాయరు, అందరి ముందూ కౌముది చెప్పింది. అరిచాడని చెప్పమన్నాను. చేయి మెలిపెట్టాడని చెప్పమన్నాను. భయం అని చెప్పమన్నాను. ఒక్కొక్క మాటకీ టైపిస్టు ఆగి, టైపు చేసి, మళ్ళీ ఆమెవైపు చూసేది. అంత నెమ్మదిగా తన తప్పు తాను వినాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు. 

జడ్జి స్నిగ్ధతో మళ్ళీ మాట్లాడింది. కౌముది మీద కేసు పెట్టలేదు. తనంతట తాను వచ్చి చెప్పింది కనుక హెచ్చరికతో వదిలేస్తున్నానంది. పాత అనుమతి రద్దయింది. ఈ చదువు సంవత్సరం స్నిగ్ధ తండ్రి దగ్గర, నానమ్మ దగ్గర ఉంటుంది. తల్లి నెలనెలా రెండో శనివారం, ఆ మర్నాడు ఆదివారం కూతుర్ని తన దగ్గర ఉంచుకోవచ్చు.

పాత యూనివర్సిటీలో ఆమె స్థానంలో అప్పటికే వేరొకరు వచ్చారు. కౌముది ఒంటరిగానే విశాఖపట్నం వెళ్ళింది.

కొత్త డిపార్ట్‌మెంట్‌లో పిల్లలున్నారా అని అడిగితే, "ఒక పాప, వాళ్ళ నాన్న దగ్గర ఉంటుంది," అనేది. అయ్యో, లాక్కున్నాడా అని వాళ్ళు జాలిపడేవారు. ఆమె కాదనేది కాదు. స్టాఫ్ రూమ్‌లో ఎవరో తన కప్పు కూడా కడిగి పెట్టినప్పుడు, ఆ జాలి తనది కాదని తెలిసి కూడా తీసుకునేది. ఆ మాట సరిదిద్దడానికి ఆమెకు నాలుగు నెలలు పట్టింది. "లాక్కోలేదు. నేను చేసిన పని వల్ల అక్కడ ఉంది," అని చెప్పిన రోజు నుంచి జాలిపడటం మానేశారు. కొందరు మాట్లాడటం కూడా తగ్గించారు.

రెండో శనివారాల్లో రైలు దిగి తార్నాక వచ్చేది. మొదట్లో స్నిగ్ధ అడిగినదానికి మాత్రం జవాబు చెప్పేది. తల్లి ఏదైనా చెప్తే, "నిజమేనా?" అని అడిగేది. వచ్చే వారం ఫోన్ చేస్తానన్నా, సినిమాకి వెళ్దామన్నా, అదే మాట. నిజమేనా? ఆ పిల్ల ఎత్తిపొడవడం లేదు. తెలుసుకోవడానికే అడుగుతోంది. ప్రతిసారీ కౌముదికి తల వంగిపోయేది. ప్రతిసారీ, "నిజమే," అని, చెప్పింది చెప్పినట్టు చేసేది. తండ్రి దగ్గరా మొదట్లో అంతేనట. నెల రోజులు పక్కన కూర్చునేది కాదని, తర్వాత ఒక ఆదివారం తానే మొక్కల గదికి వెంట వెళ్ళిందని ప్రేమ్ కుమార్ ఒకసారి చెప్పాడు. అతను అంతకంటే ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

మార్చి ఆఖరులో, చదువు సంవత్సరం అయిపోతుందనగా, అతనే ఫోన్ చేసి, ఒక శనివారం రైలెక్కి వచ్చి, సాయంత్రం క్యాంపస్‌లోని ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గరికి రమ్మన్నాడు. స్నిగ్ధ కూడా వచ్చింది. నడకకి వచ్చినవాళ్ళు, పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకున్న కుర్రాళ్ళు, ఫోటోలు దిగుతున్న జంటలు, మెట్ల నిండా జనం.

"మళ్ళ జూన్ వస్తున్నది," అన్నాడు ప్రేమ్ కుమార్. "నేను ఈసారి అడ్డం చెప్ప. బిడ్డ వస్తనంటే తీస్కపో. అడుగుదామని తోల్కొచ్చిన."

ఇద్దరూ స్నిగ్ధవైపు తిరిగారు.

ఆమె లేచి నిలబడింది. "నన్ను అడగొద్దు," అంది. "ఎవరి దగ్గర ఉంటవు అని అడిగితే ఎవరో ఒకరిని వద్దన్నట్టే కదా. పోయినసారి నాతోనే చెప్పిచ్చిన్రు. ఈసారి మీరిద్దరే మాట్లాడుకోండి. నేను వినను."

అని మెట్లు దిగి, గడ్డి మీద నడిచి, మాటలు వినపడనంత దూరం వెళ్ళి అటు తిరిగి కూర్చుంది.

కౌముదికి మళ్ళీ తన మీద తనకే సిగ్గు వేసింది. పక్కన ప్రేమ్ కుమార్ కూడా తలదించుకుని ఉన్నాడు. ఈసారి తప్పు ఇద్దరిదీ. అయినా అందువల్ల తన బరువు కాస్తయినా తేలిక కాలేదని ఆమె గమనించింది.

"ఇక్కడే ఉండనీ," అంది చివరికి. "ఏడో తరగతి అయ్యే దాకా. స్నేహితులున్నారు, అత్తమ్మ ఉంది. ఎండాకాలం సెలవులు మొత్తం నా దగ్గరికి పంపు. ఏడో తరగతి తర్వాత మనిద్దరం మళ్ళీ కూర్చుందాం."

"నువ్వు ఉండగలుగుతవా?"

"ఉండలేను. ఉంటాను."

 "దసరా సెలవులు సుత తీస్కపో," అన్నాడు. "అమ్మ ఏమన్నంటే నేను చెప్త."

ఒప్పందం అయిపోయింది. అయినా ఇద్దరూ వెంటనే లేవలేదు. ఆ పిల్లను ఎవరు పిలవాలో తెలియక అలాగే కూర్చున్నారు.